రెజిన్‌లో మెటల్ పేస్ట్ కలిపి ఫైబర్ స్పీకర్ బాక్సు: ఆటోనగర్ సరుకు మీద నా రివ్యూ

కారు డిక్కీలో సబ్‌వూఫర్, అదే బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్, పెట్టించుకోవాలంటే రెడీమేడ్ చెక్క బాక్సు కొనుక్కోవడం తేలిక, కానీ అది డిక్కీలో సగం జాగా లాగేసుకుంటుంది, పండక్కి ఊరెళ్ళేటప్పుడు బ్యాగులు ఎక్కడ పెట్టాలో తెలీదు. అందుకే స్విఫ్ట్ డిక్కీలో ఎడమ మూల, చక్రం వంపు వెనకాల ఖాళీగా ఉండే గొయ్యిలో సరిగ్గా అతికేటట్టు ఫైబర్ బాక్సు చేసుకున్నాను, 12 ఇంచుల వూఫర్‌కి, సీల్డ్ టైపు, అంటే ఎక్కడా గాలి బయటికి పోకుండా మూసేసింది. సరుకంతా విజయవాడ ఆటోనగర్‌లోనే కొన్నా. పాలిస్టర్ రెజిన్ అనే చిక్కటి ద్రవం, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, 450 జీఎస్ఎం మ్యాట్, అంటే చదరపు మీటరు 450 గ్రాములు తూగే గాజు దారాల చాప, కారు సొట్టలు పూడ్చే మెటల్ పేస్ట్ ఒక డబ్బా, దాంతో వచ్చే హార్డెనర్ క్రీమ్ ట్యూబు. వీటి మీదే ఈ రివ్యూ, ముఖ్యంగా రెజిన్‌నీ మెటల్ పేస్ట్‌నీ కలిపి వాడే పద్ధతి మీద, ఎందుకంటే దాని గురించి మన తెలుగులో సరిగ్గా రాసినవాళ్ళు నాకు కనపళ్ళేదు, అడిగితే గ్యారేజీల్లో తలా ఒక మాట చెప్తారు.

ముందే చెప్పేస్తా, ఈ మిక్స్ అద్భుతంగా పనిచేస్తుంది. కాకపోతే రెండు షరతులు. ఒకటి, రెజిన్ హార్డెనర్ రెజిన్‌కి, పేస్ట్ హార్డెనర్ పేస్ట్‌కి, ఎవరి లెక్క వాళ్ళకి విడివిడిగా పడాలి. రెండోది, ఈ మిక్స్ పని నింపడం వరకే, బలం ఇచ్చేది మ్యాటే. ఈ రెండూ వదిలేసి చేసిన బాక్సులు పగుళ్ళిచ్చి, పెచ్చులూడి, లోపల ఇంకా జిగటగానే ఉండి చెడ్డపేరు తెస్తున్నాయి, ఆ పేరు సరుక్కి అంటుకుంటోంది.

షాపు సంగతి. ఆటోనగర్‌లో లారీ బాడీలు, బస్సు బాడీలు కట్టే పని ఎప్పట్నుంచో ఉంది కాబట్టి ఫైబర్ సామాను దొరకడం కష్టం కాదు. పైగా మచిలీపట్నం, కాకినాడ వైపు చేపల వేటకి ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ బోట్లే, తెనాలి పక్క ఫైబర్ విగ్రహాలు చేసేవాళ్ళున్నారు, ఇంతమందికి ఇదే రెజిన్ కావాలి. నేను కొన్న షాపాయన లూజ్‌లో కేజీల లెక్కన అమ్ముతాడు, కళ్ళముందే డ్రమ్ములోంచి తీసి కాటా పెట్టి ఇస్తాడు. "దేనికి బాబూ, ట్యాంకుకా బాడీకా" అని అడిగి, స్పీకర్ బాక్సుకి బాబాయ్ అంటే, "అయితే జనరల్ పర్పస్ చాలు, ఖరీదైంది ఎందుకు" అన్నాడు. ఎక్కువ రేటుది అంటగట్టకుండా అలా చెప్పడం నాకు బాగా నచ్చింది. నిజంగానే స్పీకర్ బాక్సుకి జనరల్ పర్పస్ పాలిస్టర్ రెజిన్ సరిపోతుంది, ఐసోఫ్తాలిక్ రకం నీళ్ళల్లో, కెమికల్స్‌లో నానే వస్తువులకి, మన బాక్సు డిక్కీలో పొడిగా కూర్చునేదే.

కొనేటప్పుడు తప్పకుండా అడగాల్సిన మాట ఒకటుంది, "కోబాల్ట్ కలిపిందేనా?" అని. పాలిస్టర్ రెజిన్ మామూలు వేడిలో గట్టిపడాలంటే హార్డెనర్ ఒక్కటే చాలదు, కోబాల్ట్ యాక్సిలరేటర్ కూడా ఉండాలి. కొన్ని షాపుల్లో అది ముందే కలిపి ఇస్తారు, రెజిన్‌కి లేత గులాబీ ఛాయ వస్తుంది. కొన్నిచోట్ల వంకాయరంగు ద్రవం వేరే సీసాలో ఇస్తారు. వేరేగా ఇస్తే ప్రాణం మీదకి వచ్చే విషయం ఇది, కోబాల్ట్‌నీ హార్డెనర్‌నీ ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పొయ్యకూడదు, మంట లేస్తుంది, పేలుతుంది కూడా. ముందు రెజిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలిపేసి, ఆ సీసా మూతపెట్టి దూరంగా పెట్టేసి, అప్పుడు హార్డెనర్ తియ్యాలి. రెండిటికీ ఒకే కొలత గ్లాసు, ఒకే సిరంజి వాడకూడదు. ఇంట్లో చేసుకునేవాళ్ళు ముందే కలిపిన రెజిన్ తెచ్చుకోవడం మంచిది, నేను అదే తెచ్చుకున్నా.

రెజిన్ క్వాలిటీకి నా మార్కులు బాగానే ఉంటాయి. మరీ చిక్కగా లేదు, మ్యాట్ మీద బ్రష్‌తో అద్దగానే తెల్లగా ఉన్న మ్యాట్ నిమిషంలో పారదర్శకంగా మారిపోయింది, అలా మారిందంటే దారాలన్నీ తడిసినట్టు, ఇంకా తెల్ల మచ్చ కనపడుతోందంటే అక్కడ గాలో పొడి మ్యాటో ఉన్నట్టు, బ్రష్ మొనతో పొడుస్తూ గాలి బయటికి తోసెయ్యాలి. హార్డెనర్, అదే ఎంఈకేపీ, రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. కేజీకి 10 నుంచి 20 గ్రాములన్నమాట. చాలా గ్యారేజీల్లో సీసా మూతతో ఉజ్జాయింపుగా పోసేస్తారు, వాళ్ళకి చెయ్యి తిరిగింది కాబట్టి నడుస్తుంది, మనకి మాత్రం చిన్న డిజిటల్ కాటా, మెడికల్ షాపులో దొరికే సిరంజి ఉండి తీరాలి. బెజవాడ ఎండాకాలంలో 1 శాతం దాటకండి, దానికే గిన్నెలో పది నిమిషాలు నిలవదు. డిసెంబర్‌లో పొద్దున్నే చేస్తే 1.5 శాతం వరకు వెళ్ళొచ్చు. ఎండ ఎక్కువుందని 1 శాతం కంటే బాగా తగ్గించేస్తే మాత్రం రెజిన్ పూర్తిగా గట్టిపడదు, పైకి గట్టిగా కనపడినా లోపల మెత్తగా మిగిలిపోతుంది, తర్వాత ఎన్నాళ్ళు ఎండలో పెట్టినా బాగుపడదు. టైము కావాలంటే హార్డెనర్ తగ్గించడం కాదు చెయ్యాల్సింది, కొంచెం కొంచెంగా కలుపుకోవడం, వెడల్పాటి ట్రేలో కలుపుకోవడం. లోతు గ్లాసులో అరకేజీ కలిపి పెడితే తన వేడికి తనే ఉడికిపోతుంది, పొగలొస్తాయి, ప్లాస్టిక్ గ్లాసు వంకర తిరుగుతుంది.

మ్యాట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, 450 జీఎస్ఎం చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ ఒక పొర వేస్తే సుమారు ఒక మిల్లీమీటర్ మందం వస్తుంది, దానికి మ్యాట్ బరువుకి రెండు రెండున్నర రెట్లు రెజిన్ తాగుతుంది, అంటే చదరపు మీటరుకి కేజీ చొప్పున వేసుకుంటే లెక్క సరిపోతుంది. సబ్‌వూఫర్ బాక్సుకి నేను 6 మిల్లీమీటర్ల కంటే తక్కువ చెయ్యొద్దంటాను. కత్తెరతో నీటుగా కత్తిరించే బదులు చేత్తో చింపండి, అంచులు పల్చబడి ఒకదాని మీద ఒకటి కలిసిపోతాయి, మెట్టు కనపడదు. పాలిస్టర్ బదులు ఎపాక్సీ రెజిన్ తెచ్చుకుందామా అని కొందరు అడుగుతుంటారు, ఈ మ్యాట్‌లో దారాల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి కరిగేది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ మెత్తబడక వంపుల్లో మొండికేస్తుంది, పైగా రేటు చాలా ఎక్కువ. ఈ పనికి పాలిస్టరే కరెక్టు.

డిక్కీ మూలకి ముందు మాస్కింగ్ టేపు రెండు మూడు పొరలు, దాని మీద అల్యూమినియం ఫాయిల్, కార్పెట్ అంతా ప్లాస్టిక్ కవరు. రెండు మూడు పొరల మ్యాట్ కార్లోనే వేసి, గట్టిపడ్డాక బయటికి లాగి, మిగతా పొరలు బయట నీడలో వేసుకోవాలి. థర్మాకోల్‌తో షేపు చేసి దాని మీద మ్యాట్ వేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట, రెజిన్ తగలగానే థర్మాకోల్ కరిగి గుంట పడిపోతుంది, అదీ స్టైరీన్ పనే. థర్మాకోల్ వాడాలంటే దాన్ని పూర్తిగా టేపుతో కప్పెయ్యాలి, లేదంటే పీయూ ఫోమ్ వాడుకోండి.

ముందు భాగానికి వూఫర్ బిగించే రింగు, 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌ది, అంటే చెక్క పీచు అదిమి చేసే పలకది, దాన్ని పుల్లలతో నిలబెట్టి, రింగు నుంచి వెనక ఫైబర్ తొట్టి అంచు దాకా ఫ్లీస్ గుడ్డ బిగించి లాగి స్టేప్లర్ గన్‌తో కొట్టాను. చలికాలం కప్పుకునే పల్చటి ఫ్లీస్ దుప్పటి చాలు. ఆ గుడ్డ రెజిన్ బాగా తాగుతుంది, తాగాలి కూడా, లోపలి వైపుకి తడి దిగేదాకా పోస్తూనే ఉండాలి. గట్టిపడ్డాక షేపు మాత్రం చూడముచ్చటగా వస్తుంది, ఏ వడ్రంగీ చెక్కతో తీసుకురాలేని వంపులు. కానీ పైన ముట్టుకుంటే నూగు గట్టిపడి గరుగ్గా, గుంటలు గుంటలుగా, సూది మొనంత రంధ్రాలతో ఉంటుంది. దీని మీద నేరుగా మెటల్ పేస్ట్ రుద్దితే, అది చిక్కటి సరుకు కదా, గుంటల పైనుంచి వంతెన కట్టినట్టు వెళ్ళిపోతుంది తప్ప అడుక్కి దిగదు, కింద గాలి ఉండిపోతుంది, ఎమరీ పేపర్ కొట్టేటప్పుడు ఆ గాలి బుడగలు మళ్ళీ రంధ్రాలై తేలతాయి. ఉత్త రెజిన్ పోసి నింపుదామంటే, మ్యాట్ లేని రెజిన్ మందంగా పడిన చోట పెళుసు, గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది, బీటలిస్తుంది, ఎమరీకి ఓ పట్టాన లొంగదు. ఇదిగో ఇక్కడే ఆ రెండూ కలిపిన మిక్స్ గొప్పతనం తెలిసేది.

మెటల్ పేస్ట్ అంటే ఏంటి, అదీ పాలిస్టర్ రెజినే, అందులో టాల్క్ లాంటి మెత్తటి పొడి కలిపి చిక్కబరుస్తారు. అమెరికాలో బోండో అంటే చాలు బాడీ ఫిల్లర్ అని అర్థమైపోతుంది, 1950ల్లో వచ్చింది, 2007లో త్రీఎం కొనేసింది, మన టింకరింగ్ షెడ్లలో వాడేదీ అదే జాతి సరుకు. మూలం ఒకటే కాబట్టి రెజిన్‌తో చక్కగా కలిసిపోతుంది, విడిపోదు. పైగా అందులోని పొడి వల్ల గట్టిపడేటప్పుడు వేడి తక్కువ పుడుతుంది, కుంచించుకుపోవడం తగ్గుతుంది, ఎమరీకి మెత్తగా లొంగుతుంది. రెజిన్ వల్ల పల్చబడి ప్రతి గుంటలోకీ దిగుతుంది. ఇద్దరి లోపాలూ ఇద్దరూ కప్పుకుంటారు.

ఇప్పుడు హార్డెనర్ల గొడవ. గ్యారేజీలో చాలామంది "ఏదో ఒకటి వేస్తే చాలన్నా, రెండూ ఒకటే" అంటారు. ఒకటి కాదు. రెజిన్ హార్డెనర్ ఎంఈకేపీ, అది కోబాల్ట్ తోడుంటేనే పనిచేస్తుంది, కోబాల్ట్ రెజిన్‌లో ఉంది. పేస్ట్‌తో వచ్చే ఎర్ర క్రీమ్ బెంజాయిల్ పెరాక్సైడ్, దానికి కోబాల్ట్‌తో పనిలేదు, దానికి కావల్సింది అమైన్ అనే వేరే రకం ప్రేరకం, అది పేస్ట్‌లో కంపెనీవాళ్ళే కలిపి ఉంచుతారు. రెండిటి తాళంచెవులూ వేరు. ఎంఈకేపీ ఒక్కటే వేస్తే కలిపినదాంట్లో కోబాల్ట్ సగానికి పల్చబడింది కాబట్టి మందకొడిగా సాగుతుంది, క్రీమ్ ఒక్కటే వేస్తే అమైన్ సగానికి పల్చబడి అదే కథ. పైపైన గట్టిపడినట్టుంటుంది, గోరు గుచ్చితే దిగుతుంది. అందుకే రెజిన్ బరువుకి ఎంఈకేపీ, పేస్ట్ బరువుకి క్రీమ్, రెండూ లెక్కగట్టి వెయ్యాలి.

నా లెక్క చెప్తా. ఒక విడతకి 200 గ్రాముల రెజిన్, 200 గ్రాముల పేస్ట్. ఇంతకుమించి ఒక్కసారి కలపను, వెయ్యేలోగా గిన్నెలోనే బిగుసుకుపోతుంది. ముందు ఏ హార్డెనరూ వెయ్యకుండా పేస్ట్‌లో రెజిన్ కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలుపుతాను, ఈ దశలో తొందరేం లేదు, టైము నడవదు కదా, పదినిమిషాలు పట్టినా పర్లేదు. రెజిన్ మొత్తం ఒకేసారి గుమ్మరిస్తే పేస్ట్ ఉండలు ఉండలుగా విడిపోయి అడుగున కూర్చుంటుంది, వాటిని కరిగించడం పెద్ద తలనొప్పి. గిలక్కొట్టకూడదు, గిన్నె గోడకి అదుముతూ కలపాలి, గిలక్కొడితే గాలి ఎక్కి ఆ బుడగలే రేపు ఎమరీ కింద రంధ్రాలు. కలిశాక పుల్లతో ఎత్తితే ధార తెగకుండా నెమ్మదిగా జారాలి. అప్పుడు 4 గ్రాముల క్రీమ్, అంటే పేస్ట్ బరువుకి 2 శాతం, ఒక పాత ప్లాస్టిక్ పలక మీద కొంచెం మిక్స్ తీసుకుని దాంట్లో క్రీమ్‌ని పుట్టీ బ్లేడుతో మెదిపి, ఎర్ర చారలు పోయాక గిన్నెలో కలిపేస్తాను. క్రీమ్‌ని నేరుగా పల్చటి మిక్స్‌లో పిండితే తీగలు తీగలుగా తేలుతుంది, పూర్తిగా కలవదు. గిన్నెలో ఒకే రంగు లేత గులాబీ వచ్చిందా, చారలున్నాయా చూసుకోండి, చార ఉన్నచోట రేపు పెయింటు మీద మరక తేలుతుంది. ఆఖర్న సిరంజితో 2 గ్రాముల ఎంఈకేపీ, నిమిషం పాటు అడుగంటా అంచులంటా కలిపి ఇంక బ్రష్ పట్టుకోవడమే. వెయ్యడం మొదలుపెట్టాక గిన్నె అడుగు చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి, గోరువెచ్చగా తగిలిందంటే ఇంక రెండు మూడు నిమిషాలే మిగిలింది, బ్రష్‌కి ముద్ద ముద్దగా వస్తోందంటే ఆపెయ్యండి, ఇంకా రుద్దితే కింద వేసినదీ లేచొచ్చేస్తుంది.

ఎండాకాలంలో క్రీమ్ 1.5 శాతానికి తగ్గించొచ్చు. త్వరగా అవ్వాలని ఎక్కువ పిండేవాళ్ళున్నారు, దానివల్ల మిగిలిపోయిన పెరాక్సైడ్ పెయింట్‌లోకి పాకి పసుప్పచ్చగానో ఎర్రగానో మరకలు వస్తాయి, తెల్ల కారు, సిల్వర్ కారు వాళ్ళకి అది బాగా తెలుస్తుంది.

బయట వైపు రెండు కోట్లు పడ్డాయి, ఫ్లీస్ నూగు మొత్తం మునిగిపోయింది. అరగంటలో పైన కొంచెం జున్నులాగా అవుతుంది చూడండి, అప్పుడే వడ్రంగి వాడే గరుకు ఆకురాయితో ఎత్తులు గీకేస్తే పని సగం తగ్గిపోతుంది, చిన్న చిన్న చుట్టలుగా లేస్తుంది, దుమ్ము రేగదు. పూర్తిగా గట్టిపడ్డాక అదే ఎత్తు తగ్గించాలంటే 40 నంబర్ పేపర్‌తో భుజాలు పడిపోతాయి. తర్వాత 80, 120, అక్కడ మిగిలిన చిన్న చిన్న రంధ్రాలకి ఉత్త మెటల్ పేస్ట్ పల్చగా, మళ్ళీ 180, 220, ఆపైన ప్రైమర్ సర్ఫేసర్, చివర్న 400 వాటర్ పేపర్. మామూలుగా ఉత్త పేస్ట్‌తో చేసే బాక్సుకి నాలుగైదుసార్లు పూసి గీకే పని, ఈ మిక్స్‌తో ఒక్కసారి పల్చగా పూస్తే సరిపోయింది. నేను దీన్ని ఇంతగా మెచ్చుకోవడానికి అసలు కారణం ఇదే.

లోపలి వైపు వాడకం ఇంకా బాగుంది. వూఫర్ కంతలోంచి మిక్స్ లోపలికి పోసి బాక్సుని అన్ని వైపులకీ నెమ్మదిగా తిప్పుతూ ఉంటే గోడలన్నిటికీ పట్టుకుంటుంది, మ్యాటు కలిసే సందులు, రింగు చుట్టూ అంచు, స్టేపుల్ పిన్నుల కంతలు అన్నీ మూసుకుపోతాయి. సీల్డ్ బాక్సులో గాలి లీకు ఉండకూడదు, చేత్తో అంత లోపలికి సందుల్లో పేస్ట్ పెట్టడం కుదిరే పని కాదు, ఇదైతే దానంతటదే పోయి కూర్చుంటుంది. పైగా టాల్క్ బరువు గోడలకి కలిసొస్తుంది, వేలి కణుపుతో కొడితే ముందు టకటక మోగింది ఆ తర్వాత దబ్ దబ్‌మని మందంగా వినిపించింది. అయితే ఇదంతా లోపల మ్యాటు పొరలు పూర్తిగా వేసుకున్న తర్వాతే.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఒక గ్యారేజీలో చేయించుకున్న బాక్సు నా దగ్గరికి వచ్చింది, చూడ్డానికి పెయింటు అదిరిపోయింది, లోపల చెయ్యి పెట్టి చూస్తే ఫ్లీస్ గుడ్డకి రెజిన్, దాని మీద వేలు మందం పేస్ట్, మ్యాట్ అనేది ఒక్క పొర కూడా లేదు. రింగు చుట్టూ సన్నగా బీట, వాల్యూమ్ పెంచితే ఆ బీటలోంచి బుస్ బుస్‌మని గాలి. పేస్ట్‌లో గాజు దారాలు ఉండవు, వూఫర్ లోపలికీ బయటికీ తోసే ఒత్తిడికి రోజూ వంగుతూ ఉంటే ఏదో ఒకరోజు పగలాల్సిందే. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాసే, మన దేశంలో 80ల్లో బెంగుళూరు సిపానీవాళ్ళు చేసిన డాల్ఫిన్ కారు బాడీ కూడా అంతే, రోడ్ల మీద తిరిగిన కార్లవి, ఆ బలమంతా గాజు దారాలది. రెజిన్ ఆ దారాల్ని పట్టుకుని ఉంటుంది, పేస్ట్ పైన నున్న చేస్తుంది.

మెటల్ పేస్ట్ డబ్బా మీద మాత్రం నాకు కంప్లయింట్ ఉంది. మొదట వేరే షాపులో కొన్న డబ్బా మూత తియ్యగానే పైన ద్రవం తేలి అడుగున గట్టి ముద్ద, ఎంత కలిపినా గరుకు పోలేదు, చూస్తే తయారీ తేదీ ఏడాది దాటింది. తీసుకెళ్ళి అడిగితే "థిన్నర్ కలుపుకో, వచ్చేస్తుంది" అన్నారు. థిన్నర్ కలపకూడదు, అది రెజిన్‌తో పాటు గట్టిపడే పదార్థం కాదు, లోపల చిక్కుకుని తర్వాత మెల్లగా ఆరుతుంది, పేస్ట్ మెత్తబడుతుంది, గుంటలు పడతాయి. రెజిన్ షాపు బాబాయ్ ఇచ్చిన డబ్బా తాజాది, మూత తీస్తే అంచు నుంచి అంచు దాకా ఒకే నునుపు, దాంతోనే పనంతా అయ్యింది. కొనేటప్పుడు తేదీ చూడండి, వీలైతే మూత తీయించి చూడండి. క్రీమ్ ట్యూబు మూత తియ్యకముందే వేళ్ళతో బాగా పిసకండి, నిలవుంటే నీళ్ళలాంటి ద్రవం విడిపోతుంది, అది మాత్రమే పడితే హార్డెనర్ పడనట్టే. ఇంకో కంప్లయింట్, ట్యూబులో ఇచ్చే క్రీమ్ సరిగ్గా డబ్బాకి సరిపడానే ఉంటుంది, అందుకని ఎక్స్‌ట్రా ట్యూబు అడిగి తెచ్చుకోండి.

అడిగేటప్పుడు "పుట్టీ" అని మాత్రం అడక్కండి. కొన్నిచోట్ల ఎన్సీ పుట్టీ చేతిలో పెడతారు, అది పెయింటు ముందు గీతలు పూడ్చే పల్చటి సరుకు, గాలికి ఆరేది, రెజిన్‌తో దానికి సంబంధం లేదు. గోడలకి పెట్టే లప్పం అయితే చెప్పక్కర్లేదు. "మెటల్ పేస్ట్, క్రీమ్ హార్డెనర్‌తో వచ్చేది" అని విడమరిచి చెప్పండి.

వర్షాకాలంలో ఈ పని వద్దు. తేమ ఉంటే రెజిన్ సరిగ్గా గట్టిపడదు, మ్యాట్ కూడా తేమ పీల్చుకుని తెల్లగా ఉండిపోతుంది. మామూలు రెజిన్ ఆఖరి కోటు పైన ఎప్పుడూ కొంచెం జిగట ఉంటుంది, గాలి తగిలే పైపొర పూర్తిగా గట్టిపడదు, అది సరుకు లోపం కాదు, తర్వాత పొర అతుక్కోవడానికి అదే మేలు. ఎమరీ కొట్టేముందు ఎసిటోన్ గుడ్డతో తుడిచేస్తే పేపరు ముద్దకట్టదు.

జాగ్రత్తలు దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, కళ్ళద్దాలు లేకుండా ఆ సీసా ముట్టుకోవద్దు, పడితే వెంటనే నీళ్ళతో కడుగుతూనే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఎన్95 మాస్కు దుమ్ముకి పనికొస్తుంది గానీ స్టైరీన్ వాసనని ఆపదు, దానికి ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి, ఇండస్ట్రియల్ సేఫ్టీ షాపుల్లో దొరుకుతుంది. నైట్రైల్ గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా. గాజు దుమ్ము ఒంటికి అంటితే రాత్రంతా దురద, చన్నీళ్ళతో కడుక్కోవాలి. ఇంటి లోపల, పిల్లలు గానీ పొయ్యి గానీ దగ్గర్లో ఉన్నచోట అసలు మొదలుపెట్టొద్దు. మేడ మీద, నీడలో, గాలి ఆడే చోట చేసుకోండి. మిగిలిపోయిన మిక్స్ గిన్నెని అలాగే చెత్తబుట్టలో పడెయ్యకండి, బయట సిమెంటు నేల మీద చల్లారనిచ్చి అప్పుడు పారెయ్యండి.

సౌండు ఎలా ఉందంటే, బాక్సు లోపలి ఖాళీని థర్మాకోల్ గుళ్ళు పోసి లీటరు మగ్గుతో కొలిచాను, 28 లీటర్లు ఒక క్యూబిక్ ఫీటు లెక్క, మీ వూఫర్ కాగితంలో ఎంత రాసుంటే అంత రావాలి, వూఫర్ వెనక అయస్కాంతం ఆక్రమించే జాగా కూడా కలుపుకోండి. లోపల పోసే మిక్స్ కూడా లీటరో అరలీటరో తగ్గిస్తుంది, అందుకే షేపు చేసేటప్పుడే కాస్త ఎక్కువ ఉంచుకోవాలి. వూఫర్ బిగించి తక్కువ ఫ్రీక్వెన్సీ టోన్ పెట్టి, రింగు చుట్టూ, అతుకుల వెంట అగరుబత్తి తిప్పి చూశా, పొగ ఎక్కడా చెదరలేదు. డప్పు దెబ్బ పడితే దెబ్బ దగ్గరే ఆగుతోంది, సాగట్లేదు, అద్దాలు వేసి ఎంత పెంచినా బాక్సు గోడ మీద చెయ్యి పెడితే వణుకు దాదాపు తెలియట్లేదు. స్టెప్నీ కూడా అడ్డం లేకుండా వస్తుంది, డిక్కీలో రెండు సూట్‌కేసులు పడుతున్నాయి.

ఖర్చు విషయానికొస్తే రెజిన్ లూజ్‌లో కొంటే చిన్న చిన్న డబ్బాల్లో ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ల కంటే చాలా చవక, ఇంత బాక్సుకి చిన్న కిట్టు ఒక మూలకి కూడా రాదు, ఫ్లీస్ ఒక్కటే సగం తాగేస్తుంది. అలాగని ఒకేసారి ఎక్కువ తెచ్చి దాచుకోవద్దు, రెజిన్ ఎండవేడికి డబ్బాలోనే చిక్కబడిపోతుంది, ఆర్నెల్లకి మించి నిలవ ఉంచకపోవడం మంచిది. హార్డెనర్ సీసా మాత్రం రెజిన్‌కి దూరంగా, చల్లటి చోట, ఎండ తగలకుండా, ఇనప డబ్బాలోకి మార్చకుండా వచ్చిన ప్లాస్టిక్ సీసాలోనే ఉంచండి. ఇప్పుడు ముందు డోర్లకి 6.5 ఇంచుల స్పీకర్ల కోసం రింగులు చేస్తున్నా, వాటికి ఒత్తిడి తక్కువ కాబట్టి మ్యాట్ మూడు పొరలే, మిక్స్‌లో పేస్ట్ పాలు పెంచి రెండు వంతుల పేస్ట్‌కి ఒక వంతు రెజిన్ కలుపుతున్నా, డోరు నిలువుగా ఉంటుంది కదా, కారకుండా నిలబడుతోంది, హార్డెనర్ లెక్క మాత్రం అదే, ఎవరి బరువుకి వాళ్ళది.